పెళ్లిరోజున అమ్మానాన్నలను ఆంధ్రా భోజనానికి తీసుకెళ్తే, నాన్న మజ్జిగన్నం తినకుండానే లేచారు

తెనాలి_అబ్బాయి · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇవాళ మధ్యాహ్నం జరిగింది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. హోటల్ పేరు రాయను, దయచేసి అడగొద్దు. మాదాపూర్ వైపు, అరిటాకు భోజనం అని బోర్డు పెట్టిన చోటు.

అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి పది రోజులైంది. ఇవాళ వాళ్ల పెళ్లిరోజు. నలభై నాలుగేళ్లు నిండాయి. అమ్మకు ఒక్కపూటైనా పొయ్యి దగ్గర నిలబడే పని తప్పిద్దామని నేను, మా ఆవిడ, పాప, వాళ్లిద్దరూ కలిసి ఒంటిగంటకల్లా వెళ్లాం. నలభై నిమిషాలు బయట కుర్చీల్లో కూర్చున్నాం. ఆదివారం కాబట్టి దానికి నేనేమీ అనను.

ముందు బాగున్నవి చెప్తాను. ఆకులు శుభ్రంగా కడిగి వేశారు. కందిపొడి కమ్మగా ఉంది, నెయ్యి మంచి నెయ్యి. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకుని మొదటి ముద్ద తినగానే నాన్న ముఖం వెలిగిపోయింది. "ఇది మన గుంటూరు కారమేరా, రంగు చూడు" అన్నారు. దొండకాయ వేపుడు కరకరలాడింది. గుత్తి వంకాయలో మసాలా కాయ లోపలిదాకా పట్టింది. వండినవాళ్ల చేతికి వంక పెట్టడానికి లేదు. పప్పు ఒక్కటే చల్లారిపోయి ముద్దలా పడింది.

బాధంతా వడ్డన దగ్గర. కూర్చున్న ఐదు నిమిషాల్లో అన్నీ ఆకులో దింపేశారు. సాంబారు, రసం కూడా చిన్న గిన్నెల్లో ముందే పెట్టేశారు. ఆ తర్వాత మా వైపు చూసిన మనిషి లేడు. మారు అన్నానికి పావుగంట పట్టింది. నాన్నకు డెబ్బై రెండేళ్లు. చివర్లో రెండు ముద్దలైనా మజ్జిగన్నం పడకపోతే ఆయనకు భోజనం చేసినట్టే ఉండదు. ఆకులో అన్నం ఉంది, మజ్జిగ లేదు. "వస్తుంది సార్" అని వెళ్లిన అబ్బాయి మళ్లీ కనపడలేదు. నాన్న కుడిచెయ్యి ఆకు అంచున పెట్టుకుని అలాగే కూర్చున్నారు. వేళ్లకు అంటిన సాంబారు ఎండి పొరలా బిగుసుకుంది, గోరు పక్కన ఒక మెతుకు గట్టిపడిపోయింది. నేను లేచి కౌంటర్ దగ్గర అడిగి తిరిగొచ్చేసరికి ఆయన ఆకు మడిచేశారు. "చాల్లేరా, నిండింది" అన్నారు. నిండలేదని నాకు తెలుసు, అమ్మకూ తెలుసు.

బిల్లు చూస్తే భోజనం 350 చొప్పున 1,750. సర్వీస్ ఛార్జి 10 శాతం, 175. ఆ రెండింటి మీద కలిపి జీఎస్టీ. మొత్తం 2,021 రూపాయల 25 పైసలు. మజ్జిగే రాలేదు, సర్వీస్ ఛార్జి ఎందుకని అడిగితే "అది మా రూలు సార్, సిస్టమ్‌లోంచి తీయడం కుదరదు" అన్నాడు మేనేజర్. పెళ్లిరోజు పూట నాన్న ముందు గొడవెందుకని కట్టేశాను.

మీకెవరికైనా ఇలా అయిందా? పెద్దవాళ్లను కూర్చోబెట్టి నిదానంగా పెట్టే చోటు హైదరాబాద్‌లో ఎక్కడైనా ఉంటే చెప్పండి.

కృష్ణాతీరం · ఆదివారం, రాత్రి 10:05

చదువుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయండి. మా నాయనమ్మ పంక్తిలో ఎవరి చెయ్యీ ఎండకూడదు అనేది. ఎవరి చెయ్యైనా ఎండిందంటే ఆ పూట పెట్టిన నేతికీ, చేసిన బూరెలకీ విలువ లేనట్టే ఆవిడకు.

కాకినాడ సుబ్బయ్య గారి హోటల్లో తిన్నవాళ్లకు నేను చెప్పేది తెలుస్తుంది. అక్కడ మనం వద్దన్నా "ఇంకొంచెం వేయించుకోండి, ఈ పచ్చడి ఒకసారి చూడండి" అని బతిమాలి పెడతారు. మా పెద్దమ్మాయికి అన్నం సహించని రోజుల్లో తీసుకెళ్తే, వడ్డించే పెద్దాయన పక్కన నిలబడి "ఈ ఒక్క ముద్దా నెయ్యేసుకుని తిను తల్లీ" అన్నాడు. అది తినేసింది. కూరల పేర్లు మర్చిపోయాను గానీ ఆయన గొంతు మర్చిపోలేదు.

వినియోగదారుడు_1915 · ఆదివారం, రాత్రి 10:31

తెనాలి గారూ, ఆ సర్వీస్ ఛార్జి మీరు కట్టాల్సింది కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటల్ తనంతట తాను బిల్లులో సర్వీస్ ఛార్జి కలపకూడదు, ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు, కట్టకపోతే లోపలికి రానివ్వం అనకూడదు. హోటళ్ల సంఘాలు దాని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే అదే నెలలో స్టే వచ్చింది. అందుకే చాలామంది మేనేజర్లు ఇప్పటికీ "కోర్టులో ఉంది సార్" అంటారు. కానీ 2025 మార్చి 28న హైకోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది. మార్గదర్శకాలు సరైనవే అంది.

మీ లెక్కే చూడండి. ఛార్జి లేకపోతే 1,750 మీద 5 శాతం జీఎస్టీ 87.50, మొత్తం 1,837.50. మీరు కట్టింది 2,021.25. అంటే 183.75 ఎక్కువ. ఇందులో 8.75 ఆ సర్వీస్ ఛార్జి మీద పడిన పన్ను.

ముందు మేనేజర్‌ను బిల్లు మార్చి ఇమ్మనాలి. మార్చకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు దాచారు కదా?

తెనాలి_అబ్బాయి · ఆదివారం, రాత్రి 10:38

దాచానండి. ఫోన్లో ఫొటో కూడా ఉంది.

చిక్కడపల్లి_శీను · ఆదివారం, రాత్రి 10:52

అదే బిల్లులో నీళ్ల సీసాకు ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ వేశారేమో చూడు అన్నా. దాని మీద కూడా కేసు వెయ్యొచ్చు.

వినియోగదారుడు_1915 · ఆదివారం, రాత్రి 11:10

శీను గారూ, అది అంత సులువు కాదు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు సీసా నీళ్లకు ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ అమ్ముతున్నది నీళ్లొక్కటే కాదు, కూర్చోబెట్టి పెట్టడం కూడా అని దాని అర్థం. సీసా వద్దు, మామూలు మంచినీళ్లు ఇవ్వండని ముందే అడగడం మేలు.

మాజీ_కెప్టెన్ · సోమవారం, ఉదయం 6:15

నేను పన్నెండేళ్లు హోటళ్లలో చేశాను. నీళ్లు పెట్టడంతో మొదలుపెట్టి, తర్వాత వడ్డన, చివరి నాలుగేళ్లు కెప్టెన్, అంటే వడ్డించేవాళ్ల మీద పెద్ద. ఇప్పుడు వేరే పని చేసుకుంటున్నాను. తెనాలి గారి నాన్నగారి సంగతి చదివాక లోపల ఏం జరుగుతుందో చెప్పాలనిపించింది. ఆ హోటల్‌ను వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు.

అన్నీ ఒకేసారి దింపేయడం పొరపాటున జరగదు, అలా చేయమనే చెప్తారు. ఆదివారం మేం చేసిన చోట ఒక టేబుల్ ముప్పై ఐదు నిమిషాల్లో లేవాలి. సాంబారు, రసం ముందే పెట్టేస్తే రెండు తిరుగుళ్లు తగ్గుతాయి. ఇరవై రెండు టేబుళ్లకు నలుగురం ఉండేవాళ్లం. అన్నం బుట్ట ఒకడు, పప్పూ కూరలూ ఒకడు, సాంబారూ రసం ఒకడు, మజ్జిగ ఒకడు. ఆ మజ్జిగ వాడే ఆకులు తీయాలి, టేబుల్ తుడవాలి. రద్దీ పెరిగితే బయట నిలబడ్డవాళ్ల కోసం మేనేజర్ వాడిని ఆకులు తీయడానికే పంపిస్తాడు. మజ్జిగ బకెట్ మూల పడి ఉంటుంది. మీ నాన్నగారికి జరిగింది అదేనని నాకు అనిపిస్తోంది.

రెండోది, ఇప్పుడు వడ్డించే కుర్రాళ్లలో ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చినవాళ్లు చాలామంది. కష్టపడే పిల్లలు. వాళ్ల ఇళ్లలో భోజనం మజ్జిగతో ముగియదు. ఇక్కడ ముగుస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పరు. నా కింద చేసిన కుర్రాళ్లకు నేను ఒకటే నేర్పించాను: ఆకులో అన్నం తెల్లగా కనపడితే పరుగెత్తు. తెల్లన్నం ముందు పెట్టుకుని ఎవరైనా ఊరికే కూర్చున్నారంటే ఏదో ఒకటి రావాలని ఎదురుచూస్తున్నట్టు. భాష రానక్కర్లేదు, ఆకు చూస్తే చాలు. వారం తిరిగేసరికి కటక్ నుంచి వచ్చిన పిల్లాడు నాకన్నా ముందు పరుగెత్తేవాడు.

వడ్డించేవాడు మనవాడైతే కడపటి పంక్తి అయినా ఫర్వాలేదంటారు. హోటల్లో మనవాడు కానివాడికి కూడా అలాగే పెట్టాలి. దానికే జీతం.

సర్వీస్ ఛార్జి గురించి కూడా చెప్పాలి. మేం చేసిన ఒక చోట అది మాకు పంచుతామనే చెప్పేవారు. పగిలిన గ్లాసులకు, తగ్గిన చెంచాలకు కోసుకుని మిగిలింది ఇచ్చేవారు. ఎవరికెంతో కాగితం మీద ఎప్పుడూ చూపించలేదు. మీకు నిజంగా ఇవ్వాలనిపిస్తే ఆ అబ్బాయి చేతిలో పెట్టండి.

పుంటికూర_పప్పు · సోమవారం, ఉదయం 8:20

అన్నా, మీరు గోంగూర అంటరు, మేము పుంటికూర అంటం. మనసు మాత్రం ఒక్క తీరుగనే నొచ్చుకుంటది. మీ నాయిన ముచ్చట సదివినంక పొద్దుగాల చాయ గూడ తాగబుద్ధి కాలే.

మాకు గిట్ల అయింది గని కథ ఇంకో తీరుగ ముగిసింది. పోయిన దసరాకు బాపును తీస్కొని హన్మకొండ నుంచి వస్తుంటె తొవ్వల ఒక ఫ్యామిలీ హోటల్ల ఆగినం. బాపుకు బగార అన్నం, మటన్ చెప్పిన. గిన్నెల చూస్తె అన్ని బొక్కలే. బాపు ఏమనలే, ఊకనే పులుసు పోస్కొని కలుపుకుంటున్నడు. నేను పిల్లగాన్ని పిలిచి మెల్లగ చెప్పిన. ఆ పిల్లగాడు పోయి ఓనర్‌ను తోల్కొచ్చిండు. ఆయన బాపు పక్కన కూసొని గిన్నె చూసి, "పెద్దాయినా, గిది నేను తిననిది నీకు పెట్టిన, తప్పైంది" అని తానే లోపటికి పోయి ముక్కలు ఏరి తెచ్చిండు. మీదికెల్లి పచ్చిపులుసు గూడ పోసిండు, దానికి పైసలు తీస్కోలే. అప్పటి నుంచి ఆ తొవ్వ మీద పోతె బాపు ఆన్నే ఆపుమంటడు.

తప్పు ఎవలకన్న అయితది. అయినంక మనిషి దగ్గరికి వస్తడా రాడా అన్నదే నేను చూస్త.

సీమ_సంగటి · సోమవారం, ఉదయం 10:47

అందరూ హోటల్ వాళ్లనే అంటాండారు. తినేవాళ్లం మనం ఎట్లుంటామో కూడా చెప్పుకోవల్ల.

నేను బెంగళూరులో ఉంటాను. ఇక్కడ ఆంధ్రా భోజనమంటే జనం విరగబడతారు. రెసిడెన్సీ రోడ్డు నాగార్జునలో పొడి, నెయ్యి, పప్పు ఆకులో పడే తీరు చూస్తే కన్నడం వాళ్లు, మలయాళం వాళ్లు కూడా ఎందుకు వరసలో నిలబడతారో అర్థమవుతాది. అంత రద్దీలో కూడా వాళ్లు మారు అడిగేలోపలే వస్తారు. అందుకని రద్దీ అని చెప్పి తప్పించుకోవడం నాకు నచ్చదు.

కానీ పోయిన నెల ఇంకో చోట నా పక్క టేబుల్‌లో చూసినాను. మా నాయన వయసున్న మనిషి వడ్డిస్తాండాడు. ముప్పై ఏళ్ల వాడు చిటికె వేసి "రేయ్, ఇటు రా" అని పిలిచినాడు. ఆయన వచ్చి అన్నం పెట్టినాడు. వాళ్లు లేచినాక చూస్తే ఆకుల్లో సగం సగం అన్నం, ముట్టని పూరీలు రెండు, అప్పడాలు. అన్‌లిమిటెడ్ అని రాసినారు కదా అని పెట్టించుకోని పారేసినారు. ఆ పెద్దాయన ఆ ఆకులు మడిచేటప్పుడు పూరీలు తీసి పక్కన పెట్టినాడు, మళ్లీ ఏమనుకున్నాడో ఆకులోనే పెట్టి మడిచేసినాడు. అది చూసినాక నాకు ముద్ద దిగలేదు.

కృష్ణాతీరం · సోమవారం, ఉదయం 11:02

సీమ గారు చెప్పింది నిజమే. అయినా ఆ నాన్నగారు చిటికె వేయలేదు, ఒక్క మెతుకు పారేయలేదు. మర్యాదగా కూర్చున్న మనిషికే మజ్జిగ రాలేదు. గట్టిగా అరిచినవాళ్ల దగ్గరికే ముందు పరుగెత్తుతున్నారు, అక్కడే వస్తోంది చిక్కంతా.

ఇర్వింగ్_వాణి · సోమవారం, రాత్రి 9:15

డాలస్ దగ్గర ఇర్వింగ్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ టిప్పు గురించి కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది తప్పుగా అనుకుంటారు. టెక్సాస్‌లో టిప్పు మీద బతికే సర్వర్‌కు యజమాని చేతి నుంచి గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే సరిపోతుంది. టిప్పులతో కలిపి 7 డాలర్ల 25 సెంట్లు రాకపోతే మిగతాది యజమాని వెయ్యాలి. అంటే మనం టిప్పు ఇవ్వకుండా లేస్తే ఆ అమ్మాయి ఆ గంట చేసిన పనికి మనం ఏమీ ఇవ్వనట్టే. ఇండియాలో సర్వీస్ ఛార్జినీ, ఇక్కడి టిప్పునీ ఒక గాటన కట్టకండి.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఇక్కడ ఒక దేశీ రెస్టారెంట్‌కు వెళ్లాం. ఆర్డర్ తీసుకునే అమ్మాయి "మైల్డా, మీడియమా, స్పైసీనా" అని అడిగితే అమ్మ నా ముఖం చూసింది. పప్పుకు కారం ఎంత కావాలో అడుగుతారా అని. వచ్చిన పప్పులో మీగడ వేశారు. తాలింపు లేదు, కరివేపాకు లేదు. అమ్మ ఏమీ అనకుండా రెండు ముద్దలు తిని బాగుందంది. వంటగది నుంచి ఒకావిడ తొంగిచూసింది, మన వైపు మనిషే. మా మాటలు వినిపించినట్టున్నాయి. పది నిమిషాల తర్వాత చిన్న గిన్నెలో ఎండుమిరపకాయ, వెల్లుల్లి, కరివేపాకు తాలింపు వేసుకొచ్చి అమ్మ పప్పు మీద పోసింది. చుయ్‌మంది. "ఇప్పుడు తినండి పిన్నీ, మెనూలో ఇలా పెడితే ఇక్కడ తినరు" అంది. ఏ ఊరని అమ్మ అడిగితే ఏలూరు అంది. ఆ తర్వాత అమ్మ ఉన్న ఆర్నెల్లూ నెలకోసారి అక్కడికే వెళ్లాం.

ఓల్డ్_రాజేందర్‌నగర్ · సోమవారం, రాత్రి 11:30

సివిల్స్‌కు ప్రిపేర్ అవుతూ ఢిల్లీలో ఉంటున్నాను. ఇంటి మీద బెంగ వస్తే మేమంతా మెట్రో ఎక్కి అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు వెళ్తాం. ఎవరి పక్కన ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవాలి. ప్లేటు పెట్టిన నిమిషానికి పప్పు, సాంబారు బకెట్లు పట్టుకుని వాళ్లే తిరుగుతుంటారు. పొడి, నెయ్యి టేబుల్ మీదే ఉంటాయి. వడ్డించేవాళ్లు పెద్దగా మాట్లాడరు, నవ్వరు. కానీ ప్లేటు ఖాళీ అయ్యేలోపు గరిటె దిగుతుంది. ఆదివారం బిర్యానీకి వరస గేటు దాకా ఉంటుంది, ఓపిక ఉంటేనే వెళ్లండి.

ప్రిలిమ్స్ పోయిన వారం ఒక్కడినే వెళ్లాను. వడ్డించే అన్న రోజూ చూసే ముఖమే కదా అనుకున్నాడేమో, అడక్కుండా పెరుగు రెండు గరిటెలు వేసి వెళ్లిపోయాడు.

చిక్కడపల్లి_శీను · మంగళవారం, ఉదయం 7:55

తెనాలి అన్నా, ఆ హోటల్‌కు ఒక్క స్టార్ ఇచ్చి మొత్తం రాసెయ్. మేమందరం కూడా ఒక్కో స్టార్ వేస్తాం. దెబ్బకు దిగొస్తారు.

గోదారి_మెస్ · మంగళవారం, మధ్యాహ్నం 3:40

శీను గారూ, తినని చోటికి స్టార్లు వేయకండి బాబూ. రాజమండ్రిలో పద్దెనిమిదేళ్లుగా మెస్ నడుపుతున్నాను. మా మెస్‌కు రానివాళ్లు ఎవరో పగతో రాసిన మాటలకు మా వంటమ్మాయి రెండు రోజులు ఏడ్చింది. తెనాలి గారు తిన్నారు, ఆయన రాయాలి. బాగున్నవీ బాగాలేనివీ రెండూ, ఇక్కడ రాసినట్టే.

పప్పు చల్లారడం గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. పప్పు పదకొండున్నరకు దింపి స్టీలు బకెట్లలో పోసి మూత పెట్టి ఉంచితే రెండింటికి గడ్డకడుతుంది. మేం వేడినీళ్ల పళ్లెంలో బకెట్ పెడతాం, గంటకోసారి మళ్లీ తాలింపు వేస్తాం. 19 కేజీల సిలిండర్ ఇంకాస్త త్వరగా అయిపోతుంది. అయినా అక్కడ మిగుల్చుకోకూడదు.

అన్నం కూడా అంతే. కొత్త బియ్యం అయితే చల్లారగానే ముద్దవుతుంది, జనం తినరు. మేం బాపట్ల రకం బీపీటీ 5204 తెచ్చుకుని ఏడాది నిలవున్న బియ్యమే వండుతాం. ధర ఎక్కువే. కానీ అన్నం పొడిపొడిగా ఉంటే కూర కొంచెం అటూ ఇటూ అయినా మనిషి తృప్తిగా లేస్తాడు.

తెనాలి గారూ, మా దగ్గర అలా జరిగి ఉంటే నాకు చెప్పమనే అంటాను. మీ మేనేజర్ సంగతి యజమానికి తెలియకపోవచ్చు. ఒకసారి నేరుగా ఆయనకు రాయండి. బిల్లు మీద ఫోన్ నంబరో, కనీసం 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరో ఉంటుంది. 2022 జనవరి నుంచి అది బిల్లు మీద ఉండి తీరాలి.

తెనాలి_అబ్బాయి · గురువారం, రాత్రి 10:20

ఇన్ని రోజులు జవాబు రాయనందుకు క్షమించండి. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

గోదారి అక్కయ్య చెప్పినట్టే మంగళవారం రాత్రి యజమానికి రాశాను. ఇక్కడ రాసిందే, బిల్లు ఫొటోతో సహా. 1915 మాట, 2025 తీర్పు మాట కూడా రాశాను. బుధవారం పొద్దున ఆయనే ఫోన్ చేశారు. 183 రూపాయల 75 పైసలు అప్పుడే పంపించారు. బిల్లులో సర్వీస్ ఛార్జి తీసేయిస్తానన్నారు, తీసేశారో లేదో నాకింకా తెలియదు. మజ్జిగ వడ్డించేది ఎవరని ఆయన అడిగితే, స్పీకర్‌లో వింటున్న నాన్న "ఆ పిల్లాడిని ఏమీ అనొద్దని చెప్పు" అని గట్టిగా అన్నారు. కెప్టెన్ గారు రాసింది నేను ఆయనకు చదివి వినిపించాను, అందుకే.

కెప్టెన్ గారు నాకు విడిగా నాచారంలో ఒక మెస్ చెప్పారు. ఇవాళ వెళ్లాం. ఎనిమిది బల్లలు, ఏసీ లేదు. బీరకాయ పప్పు, అరటికాయ వేపుడు, చింతకాయ పచ్చడి, చారు, మజ్జిగ, అంతే. పప్పు పొగలు కక్కుతూ వచ్చింది. నాన్న చారన్నం చివరి ముద్ద నోట్లో పెట్టుకున్నారో లేదో, ఒకాయన ఆకులో చారెడు అన్నం పెట్టి మధ్యలో గుంట చేసి మజ్జిగ పోశారు. పక్కన ఊరమిరపకాయ పడేశారు. నాన్న తలెత్తి ఆయన్ని చూశారు. ఆయన అప్పటికే పక్క బల్ల దగ్గరున్నారు.

అమ్మ రెండుసార్లు చారు పోయించుకుంది.

కృష్ణాతీరం · గురువారం, రాత్రి 10:31

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆ మెస్‌కు మెట్లున్నాయా? ఆదివారం తీస్తారా?

మాజీ_కెప్టెన్ · గురువారం, రాత్రి 10:44

ఒకే ఒక్క గడప, మెట్లు లేవమ్మా. ఆదివారం సెలవు. శనివారం పన్నెండున్నరలోపు వెళ్లండి, ఆ రోజు పప్పుచారు ఉంటుంది. గోడ పక్క బల్లకు ఆనుకునే కుర్చీలున్నాయి, అత్తగారిని అక్కడ కూర్చోబెట్టండి.